జబ్బు కడుపులో మొదలైందంటే గోలీలు ఆపేయాలా?

దేవరకొండ వైపు నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. పేరు, ఊరు వేయొద్దని కోరారు. ఉత్తరం పెద్దది కావడంతో ముఖ్యమైన సంగతులు మాత్రమే ఇక్కడ ఇస్తున్నాం.

ఆమెకు ముప్పై ఎనిమిదేళ్లు. అత్తగారిల్లు మిర్యాలగూడలో. తల్లిదండ్రులు ఊళ్లోనే ఉంటారు. తండ్రికి అరవై ఆరు. బత్తాయి తోట, కొంత పత్తి చేను చూసుకుంటూ బతికిన మనిషి. మూడేళ్ల కింద ఆయనకు కుడిచెయ్యి వణకడం మొదలైంది. నడక నెమ్మదించింది, మెడ, నడుము బిగుసుకుపోయాయి. ఆ ఊళ్లో ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుములు వంగినవాళ్లు చాలామందే ఉన్నారు. ఇదీ అదేననుకుని ఏడాదిపాటు ఆర్‌ఎంపీ దగ్గర నొప్పి ఇంజెక్షన్లు వేయించారు. చివరికి హైదరాబాద్‌లో న్యూరాలజిస్ట్ చూసి పార్కిన్సన్స్ అనే నాడుల జబ్బని చెప్పి సిండోపా గోలీలు రాశారు. మొదటి ఏడాది ఆయన మళ్లీ తోట దాకా నడిచి వెళ్లేంతగా తేరుకున్నారు. కొన్ని నెలలుగా మాత్రం గోలీ ఒకరోజు పనిచేస్తే ఒకరోజు పనిచేయడం లేదు. పొద్దున వేసుకున్నది ఒక్కోసారి మధ్యాహ్నం దాకా ఎక్కడం లేదట.

ఆయనకు మలబద్ధకం పది పన్నెండేళ్ల నాటిది. ఇప్పుడు నాలుగైదు రోజులకోసారి గానీ విరేచనం కావడం లేదు. పొయ్యి మీద పప్పు మాడినా వాసన తెలియకపోవడం, నిద్రలో కేకలు వేయడం, కాళ్లు విసరడం కూడా వణుకు రాకముందు నుంచే ఉన్నాయని ఇప్పుడు గుర్తుకొస్తోందని రాశారు. గోలీ వేడి చేస్తుందని తల్లి ప్రతిసారీ గ్లాసుడు పాలతో ఇస్తారు. వికారం అంటే మెడికల్ షాపు నుంచి వాంతుల గోలీ తెచ్చి వేస్తారు.

అసలు తగువు ఇప్పుడు మొదలైంది. ఎల్‌బీ నగర్‌లో ఉండే అన్న కొన్ని వీడియోలు చూశాడు. ఈ జబ్బు మెదడులో కాదు, పేగుల్లో పుడుతుందని, పేగుల్లోని బ్యాక్టీరియాను బాగు చేస్తే జబ్బే పోతుందని ఆయన నమ్మకం. హైదరాబాద్ శివారులో ఒక కేంద్రం ఉందట. ఇరవై ఒక్క రోజులు రసాలు తాగించి, రోజూ ఎనిమా ఇచ్చి, ఇంగ్లిష్ మందులన్నీ ఆపించి "కడుపు శుద్ధి" చేస్తారట. లక్షన్నర ఖర్చు. దసరా కాగానే తీసుకుపోతానంటున్నాడు. ఇన్నాళ్లూ వైద్యం ఖర్చులో ఎక్కువ భాగం ఆయనే పెట్టాడు. "అన్నను కాదంటే మాట పోతది, ఊకుంటే నాయిన పోతడేమోనని భయం" అని ఈ సోదరి రాశారు. బ్యాక్టీరియా అంటే అంటుకునే జబ్బేమోనని వదిన తన పిల్లలను తాత కంచం దగ్గరికి రానివ్వడం లేదు. తను పెట్టిన కారాలు, తొక్కులే పేగులు పాడుచేశాయని తల్లి ఏడుస్తోంది. చివర్లో ఇంకో మాట కూడా ఉంది: "రెండో కాన్పు నుంచి నాకూ మలబద్ధకమే. నాకూ వస్తదా?"

మీ ఉత్తరంలో చాలా ప్రశ్నలున్నాయమ్మా. అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. కేంద్రానికి వెళ్లడం, వెళ్లకపోవడం తర్వాత తేల్చుకోవచ్చు. సిండోపా మాత్రం ఒక్కసారిగా ఆపకూడదు. సిండోపాలో ఉండే అసలు మందు లెవోడోపా. రెండేళ్లుగా దాని మీద ఉన్న మనిషికి ఉన్నట్టుండి అది ఆగిపోతే ఒళ్లు కట్టెలా బిగుసుకుపోవచ్చు, తీవ్రంగా జ్వరం రావచ్చు, మతి తప్పవచ్చు. ఐసీయూ దాకా పోయే పరిస్థితి అది, ప్రాణం కూడా పోవచ్చు. మోతాదు తగ్గించాలన్నా, మార్చాలన్నా ఆ మందు రాసిన న్యూరాలజిస్టే మెల్లగా చేయాలి. ఈ ఒక్క మాటను అన్నకు ఈరోజే చేరవేయండి. దానికోసం ఆయనతో వాదన పెట్టుకోనక్కర్లేదు. "కేంద్రం సంగతి కూర్చుని మాట్లాడుకుందాం, గోలీలు మాత్రం డాక్టర్‌ను అడగకుండా ఆపొద్దు" అంటే చాలు.

ఇక అన్న నమ్మకం సంగతి. ఆయన్ను వీడియోల పిచ్చోడని తీసిపారేయకండి, ఎందుకంటే ఆయన పట్టుకున్న తీగ నిజమైనదే. 1817లో లండన్ వైద్యుడు జేమ్స్ పార్కిన్సన్ ఈ జబ్బును మొదటిసారి వర్ణించినప్పుడే రోగుల పేగులు మందగించడం గురించి రాశాడు. 2003లో జర్మనీకి చెందిన హైకో బ్రాక్, ఆయన తోటి పరిశోధకులు ఒక ఆలోచన ముందుకు తెచ్చారు. ఈ జబ్బులో ఆల్ఫా సైన్యూక్లీన్ అనే ప్రొటీన్ నాడీకణాల్లో ముద్దకడుతుంది. ఆ ముద్దలు కొందరిలో మొదట పేగుల నాడుల్లోనో, ముక్కులో వాసన పట్టే భాగంలోనో మొదలై, పొట్టను మెదడుతో కలిపే వేగస్ నాడి గుండా పైకి పాకుతాయేమో అన్నారు. మీ నాన్నగారికి వణుకు కంటే ఏళ్ల ముందే మలబద్ధకం, వాసన పోవడం, నిద్రలో కేకలు కనిపించాయని రాశారు కదా, అవి ఈ ఆలోచనకు సరిపోతాయి. పూర్వం కడుపులో పుండ్లకు వేగస్ నాడిని కోసే ఆపరేషన్ చేసేవారు. అలా ఆ నాడిని మొదలు దగ్గరే పూర్తిగా కోయించుకున్నవారిలో పార్కిన్సన్స్ కొంత తక్కువగా కనిపించిందని డెన్మార్క్‌లో 2015లో, స్వీడన్‌లో 2017లో వచ్చిన అధ్యయనాలు చెప్పాయి.

బ్యాక్టీరియా కథ ఆ తర్వాత వచ్చింది. 2015లో హెల్సింకి పరిశోధకులు పార్కిన్సన్స్ ఉన్నవారి మలం పరీక్షించి, ప్రెవొటెల్లా జాతి బ్యాక్టీరియా వాళ్లలో తక్కువగా ఉందని గమనించారు. పీచును పులియబెట్టి పేగుల గోడకు మేలుచేసే ఆమ్లాలు తయారుచేసే మరికొన్ని రకాలు కూడా తగ్గుతాయని తర్వాతి పరిశోధనల్లో తేలింది. 2016లో అమెరికాలోని కాల్టెక్ విశ్వవిద్యాలయంలో ఎలుకల మీద చేసిన ప్రయోగం అందరినీ ఆశ్చర్యపరిచింది. ఆల్ఫా సైన్యూక్లీన్ ఎక్కువగా తయారయ్యేలా జన్యువులు మార్చిన ఎలుకలను ఏ సూక్ష్మజీవీ లేకుండా పెంచితే వాటికి జబ్బు లక్షణాలు తక్కువగా వచ్చాయి. అదే రకం ఎలుకల పేగుల్లోకి పార్కిన్సన్స్ రోగుల బ్యాక్టీరియాను ఎక్కిస్తే, ఆరోగ్యవంతుల బ్యాక్టీరియా ఎక్కినవాటి కంటే కదలికలు ఎక్కువ దెబ్బతిన్నాయి. మీ అన్న చూసిన వీడియోలన్నిటికీ మూలం బహుశా ఇదే.

అయితే ఇక్కడి నుంచి "కడుపు శుద్ధి చేస్తే జబ్బు పోతుంది" అనే దాకా దారి లేదు. ఆ ఎలుకలకు జబ్బు వచ్చేలా ముందే జన్యువులు మార్చారు. మనుషుల్లో ఏది ముందు, ఏది వెనక అన్నదే ఇంకా తేలలేదు. పేగులు మందగిస్తే వాటిలోని బ్యాక్టీరియా మారుతుంది. తిండి తగ్గితే మారుతుంది. పార్కిన్సన్స్ మందులు వాడినా మారుతుంది. ఇంకో సంగతి వింటే అన్న కూడా ఆలోచనలో పడతాడు. పెరుగులో ఉండే రకం, "మంచి బ్యాక్టీరియా" అని డబ్బాల మీద రాసి అమ్మే లాక్టోబాసిల్లస్, బిఫిడోబాక్టీరియం చాలా అధ్యయనాల్లో పార్కిన్సన్స్ రోగుల పేగుల్లో తక్కువగా కాదు, ఎక్కువగానే కనిపించాయి. అంటే మంచివి పోసి చెడ్డవి కడిగేస్తే సరిపోయేంత తేలిక వ్యవహారం కాదిది. పైగా వణుకు బయటపడేసరికే మెదడులో కదలికలను నడిపించే డోపమైన్ అనే రసాయనాన్ని తయారుచేసే కణాలు చాలావరకు దెబ్బతిని ఉంటాయి. జబ్బు ఎక్కడ మొదలైనా, ఆ కణాలను ఎనిమా తిరిగి తేలేదు.

ఆరోగ్యవంతుల మలంలోని బ్యాక్టీరియాను రోగికి ఎక్కించే పద్ధతి గురించి కూడా అన్న వినే ఉంటాడు. 2024లో దాని మీద రెండు మంచి పరీక్షల ఫలితాలు వచ్చాయి. బెల్జియంలోని ఘెంట్‌లో ఏడాది తర్వాత కదలికల్లో కొద్దిపాటి మెరుగు కనిపించింది. హెల్సింకిలో ఉత్తుత్తి చికిత్స పొందినవారి కంటే మేలేమీ కనిపించలేదు, పొట్ట బాధలు మాత్రం ఎక్కువయ్యాయి. 2019లో అమెరికాలో ఇలా ఎక్కించిన మలం ద్వారా మందులకు లొంగని ఈ-కోలై సోకి ఒక రోగి చనిపోయాడు కూడా. ఇది ఇంకా పెద్ద ఆసుపత్రుల్లో పరిశోధనగా నడవాల్సిన విషయం. ఎవరైనా ప్యాకేజీగా అమ్మితే దూరంగా ఉండండి.

వదిన భయానికి జవాబు సులువు. పార్కిన్సన్స్ అంటువ్యాధి కాదు. తాతతో ఒకే కంచంలో తిన్నా, ఆయన ఒళ్లో పడుకున్నా పిల్లలకు ఏమీ కాదు. ఇక్కడ బ్యాక్టీరియా అంటే టైఫాయిడ్ లాగా బయటి నుంచి వచ్చిపడ్డ క్రిమి అని కాదు, మనందరి పేగుల్లో పుట్టినప్పటి నుంచీ కాపురం ఉండే కోట్లాది జీవులు. ఈ మాట వదినకు మీరు చెప్పడం కంటే డాక్టర్ నోటితో చెప్పిస్తే మంచిది, ఆమెకు చిన్నతనంగా ఉండదు. ఇదే కారణంతో, ఎవరైనా "బ్యాక్టీరియాను చంపడానికి" యాంటీబయాటిక్ కోర్సు వాడమంటే వినకండి. అల్సర్ కలిగించే హెచ్ పైలోరీ లాంటిది పరీక్షలో బయటపడి డాక్టర్ రాస్తే అది వేరే విషయం.

నన్నడిగితే మీ ఇంట్లో ఈ రోజున కడుపు గురించి పట్టించుకోవాల్సిన అసలు కారణం అన్న చెప్పినది కాదు. మీ నాన్నగారి గోలీ పనిచేయాలంటే ముందు ఆ కడుపును దాటాలి. గోలీ సరిగ్గా ఎక్కడం లేదని రాశారు కదా, జబ్బు ముదిరిందని అప్పుడే బెంగపడకండి. అది దాటే దారిలోనే చాలా అడ్డంకులు ఉన్నట్టు మీ ఉత్తరమే చెబుతోంది.

మొదటిది పాలు. లెవోడోపా చిన్నపేగు నుంచి రక్తంలోకి వెళ్లే దారి, పాలు, పప్పు, గుడ్డు, మాంసంలోని ప్రొటీన్ నుంచి వచ్చే అమైనో ఆమ్లాలు వెళ్లే దారీ ఒకటే. సంత రోజు దేవరకొండ బస్సుకు ఉన్న ఒక్క తలుపు దగ్గర అందరూ ఎగబడినట్టు, ఆ గుంపులో గోలీ వెనకబడిపోతుంది. అందుకని గోలీని తిండికి కనీసం అరగంట, వీలైతే ముప్పావుగంట ముందు, వట్టి నీళ్లతో వేయాలి. తిన్న తర్వాతయితే గంట, గంటన్నర ఆగాలి. వికారంగా ఉంటే పాలకు బదులు చిన్న ముక్క జొన్నరొట్టెనో, ఒక బిస్కెట్టో తినిపించండి. పాలు, పప్పు మానేయమని కాదు. ఈ జబ్బులో మనుషులు అసలే బరువు తగ్గిపోతారు. పప్పు, గుడ్డు, పాలు ఎక్కువభాగం రాత్రి భోజనానికి జరిపితే పగలు గోలీకి దారి దొరుకుతుంది. రక్తం తక్కువని ఐరన్ గోలీలు వాడుతుంటే అవి కూడా సిండోపాతో కలిపి వేయకూడదు, రెంటికీ మధ్య రెండు గంటలైనా ఎడం ఉండాలి.

రెండోది మలబద్ధకం. పార్కిన్సన్స్‌లో పొట్ట ఖాళీ అవడమే నెమ్మదిస్తుంది. దాంతో గోలీ జీర్ణకోశంలోనే ఎక్కువసేపు పడి ఉంటుంది. అక్కడే ఉండిపోతే ఏమవుతుందో 2019లో రెండు పరిశోధక బృందాలు చూపించాయి, ఒకటి అమెరికాలో, ఒకటి నెదర్లాండ్స్‌లో. మెదడులోకి వెళ్లాక డోపమైన్‌గా మారాల్సిన లెవోడోపాను ఎంటరోకాకస్ ఫీకాలిస్ అనే మామూలు పేగు బ్యాక్టీరియా పొట్టలోనే డోపమైన్‌గా మార్చేస్తుంది. అక్కడ తయారైన డోపమైన్ మెదడుకు చేరదు. ఇలా శరీరంలో ముందే ఖర్చు కాకుండా ఆపడానికే గోలీలో కార్బిడోపా కలుపుతారు గానీ, ఈ బ్యాక్టీరియా పనిని అది సరిగా ఆపలేకపోతోందని ఆ పరిశోధనల్లో తేలింది. దీన్ని ఆపే మందు ఇంకా మన చేతికి రాలేదు. పేగులు కదిలేలా చేయడం మాత్రం మన చేతిలో ఉంది.

నాలుగైదు రోజులకోసారి అనేది అలక్ష్యం చేసే విషయం కాదు. డాక్టర్ దగ్గర వణుకు గురించి ఎంత వివరంగా చెబుతారో దీని గురించీ అంత వివరంగా చెప్పండి. మన దగ్గర పెద్దమనుషులు సిగ్గుపడి ఈ మాట దాటేస్తారు, తోడు వెళ్లినవాళ్లే చెప్పాలి. నీళ్లలో కలుపుకుని తాగే పాలీఇథిలీన్ గ్లైకాల్ పొడి ఈ జబ్బులోని మలబద్ధకానికి బాగా పనిచేస్తుంది, దాని గురించి అడగండి. ఇసబ్గోల్ మంచిదే, కానీ ఇంతగా బిగుసుకుపోయిన కడుపులో, నీళ్లు సరిగా తాగని మనిషికి అది లోపల గట్టిపడి ఇంకా అడ్డం పడవచ్చు. మింగడం కష్టంగా ఉంటే గొంతులోనూ అడ్డుపడవచ్చు. కాబట్టి ముందు డాక్టర్ చెప్పినట్టు పేగు ఖాళీ చేయించి, తర్వాత పీచు పెంచండి. వణుకుకు ప్యాసిటేన్ లాంటి గోలీ కూడా రాసి ఉంటే, అది మలబద్ధకాన్ని పెంచుతుంది, పెద్దవయసులో మతిమరుపు, గందరగోళం కూడా తెస్తుంది. అది అవసరమా అని అడగండి.

పీచు కోసం కొత్త డబ్బాలు కొనాల్సిన పనిలేదు. మన జొన్నరొట్టె, సజ్జలు, తైదల అంబలి, గంగవాయిలి కూర, తోటకూర, బొబ్బర్లు, జామపండు ఇవే ఆ పేగు జీవులకు కూడా తిండి. తోట మీదే కదా, బత్తాయి రసం పిండి వడగట్టి ఇవ్వకుండా తొనలు తొనలుగా తినమనండి. పెరుగు, చల్ల నిక్షేపంగా ఇవ్వండి, గోలీ వేళకు దూరంగా. రకరకాల బ్యాక్టీరియా కలిపిన ప్రోబయాటిక్ గుళికల వల్ల పార్కిన్సన్స్ రోగుల్లో విరేచనం కొంత మెరుగైందని 2021లో మలేసియాలో చేసిన పరీక్షలో తేలింది. కావాలంటే డాక్టర్‌ను అడిగి వాడవచ్చు, కానీ మలబద్ధకం కోసం మాత్రమే, జబ్బు పోతుందని కాదు. రోజూ పొద్దున ఒకే వేళకు, గోరువెచ్చని నీళ్లు తాగిన తర్వాత దొడ్డికి కూర్చోబెట్టండి. ఇన్నాళ్లూ గొంతుక్కూర్చుని అలవాటైన మనిషిని ఎత్తుగా ఉన్న కమోడ్ మీద కూర్చోబెడితే కడుపు కదలదు, కాళ్ల కింద చిన్న పీట వేయండి. సాయంత్రం తోటలో నడక కూడా పేగులకు మందే.

మూడోది ఆ వాంతుల గోలీ. దాని పేరు చూడండి. మెటోక్లోప్రమైడ్ గానీ, ప్రోక్లోర్‌పెరాజిన్ గానీ అయితే వెంటనే మానిపించి డాక్టర్‌కు ఫోన్ చేయండి. ఇవి మెదడులో డోపమైన్ పనిని అడ్డుకుంటాయి, అంటే సిండోపా చేసే పనిని ఇవి చెడగొడతాయి. తలతిరుగుడుకు విరివిగా రాసే సిన్నరిజిన్, ఫ్లునరిజిన్‌ల సంగతీ ఇంతే. వికారానికి ఈ జబ్బులో మామూలుగా డోంపెరిడోన్ రాస్తారు, అదైనా గుండె సంగతి చూసి డాక్టరే రాయాలి. ఇంకో మాట. ఎవరైనా నాటువైద్యులు దూలగొండి గింజల పొడి ఇస్తే సిండోపాతో కలపొద్దు. ఆయుర్వేదంలో కంపవాతానికి దాన్ని వాడతారు, అందులో ఉన్నదీ లెవోడోపానే. తెలియకుండా రెండు మోతాదులు పడినట్టవుతుంది. బీపీ పడిపోవచ్చు, ఒళ్లు మెలికలు తిరగవచ్చు.

ఇప్పుడు దసరా తర్వాతి ప్రయాణం. మీ ముందు ఉన్న దారులు నాకు కనిపించినంత మేరకు చెబుతాను, ఎంచుకోవాల్సింది మీరంతా కలిసి.

అన్న చెప్పినట్టే పంపితే ఇంట్లో గొడవ ఉండదు. కానీ గోలీలు ఆగితే ఏమవుతుందో పైన చెప్పాను. అది పక్కన పెట్టినా, ఈ జబ్బులో లేచి నిలబడగానే బీపీ పడిపోవడం మామూలు. రోజూ ఎనిమాలు, రసాల ఉపవాసాలతో ఒంట్లో నీరు, లవణాలు తగ్గితే ఆయన కళ్లు తిరిగి పడిపోవచ్చు. ఈ వయసులో తుంటి విరిగితే మళ్లీ నడక కష్టం. ఈ దారి నాకు భయం పుట్టిస్తోంది, దాచుకోను.

మీరు గట్టిగా అడ్డం పడి ఆపించారనుకోండి. నాన్నగారు క్షేమంగా ఉంటారు. కానీ అన్నకు తన ప్రేమను తోసేశారనిపిస్తుంది. "సరే, ఇక మీరే చూసుకోండి" అంటే ఖర్చు భారం ఎవరి మీద పడుతుందో ముందే ఆలోచించుకోవాలి. "ఇచ్చిన ఆడపిల్లవి నీకెందుకు" అనే మాట కూడా పడవచ్చు. ఆ మాట తప్పు. కూతురికి తండ్రి గురించి మాట్లాడే హక్కు పెళ్లితో పోదు. అయినా గొడవ పడి గెలిస్తే తర్వాత నెలనెలా మందులు ఎవరు తెస్తారన్నది చూసుకోవాల్సిందే.

మూడో దారి, అన్ననే ముందు నడవనివ్వడం. "అన్నా, నువ్వు చెప్పిన కడుపు సంగతి నిజమేనట. కానీ న్యూరాలజిస్ట్ దగ్గరికి మనిద్దరం పోయి, ఆయన ముందే అడుగుదాం" అనండి. పాత డాక్టర్ మీద ఆయనకు నమ్మకం లేకపోతే హైదరాబాద్‌లోని నిమ్స్ ఆసుపత్రి లాంటి చోట రెండో అభిప్రాయం తీసుకోండి. వెళ్లేముందు రెండు వారాలు ఒక నోటుబుక్‌లో రాయించండి: గోలీ ఎన్నింటికి వేశారు, ఎన్నింటికి పనిచేయడం మొదలైంది, ఏం తిన్నారు, విరేచనం ఎప్పుడైంది. ఆ కాగితం చూస్తే డాక్టర్‌కు సగం పని అయిపోతుంది. తర్వాత రెండు నెలలు పేగుల మీద పని చేయండి. గోలీ వేళలు, మలబద్ధకం, నడక ఈ మూడూ అన్న పర్యవేక్షణలోనే జరగనివ్వండి. మార్పు ఉందో లేదో ఆయన కళ్లతో ఆయనే చూస్తాడు. దసరా ప్రయాణం వాయిదా పడుతుంది, రద్దయిందన్న అవమానం ఉండదు. దీనికి మీరు చెల్లించే మూల్యం ఓపిక. మిర్యాలగూడ నుంచి ఫోన్లో రోజూ కనుక్కుంటూ ఉండాలి, ఊరికి పోయి రావాలి.

అప్పటికీ ఆయన కేంద్రానికే పోదామంటే, వాళ్లను కాగితం మీద అడగమనండి. సిండోపా రాసిన వేళలకే ఇస్తామని రాసిస్తారా? రాత్రిపూట ఎంబీబీఎస్ డాక్టర్ ఉంటారా? రోజూ నిలబెట్టి, పడుకోబెట్టి బీపీ చూస్తారా? న్యూరాలజిస్ట్ ఒప్పుకుంటే నూనె మర్దన, వ్యాయామం, మంచి తిండి వరకు చేయించుకోవడంలో నాకు అభ్యంతరం లేదు. మందులు ఆపితేనే చేర్చుకుంటామంటే లోపలికి అడుగుపెట్టొద్దు.

ఒక సంగతి నన్ను బాధపెట్టింది. ఇంత పెద్ద ఉత్తరంలో అన్న మాట ఉంది, వదిన మాట, అమ్మ మాట ఉన్నాయి. నాన్నగారి మాట ఒక్కటీ లేదు. ఆయన ఏమీ అనడం లేదని మీకు అనిపించి ఉండవచ్చు. పార్కిన్సన్స్‌లో గొంతు సన్నబడుతుంది, ముఖంలో కవళికలు పోతాయి, జవాబు చెప్పడానికి సమయం పడుతుంది. ఇంట్లోవాళ్లు ఆయనకు పట్టింపు లేదనుకుని మాట దాటుకుపోతారు. గోలీ బాగా ఎక్కిన వేళ చూసి, టీవీ ఆపి, పక్కన కూర్చుని అడగండి: నాయినా, నీకు ఏది ఎక్కువ ఇబ్బందిగా ఉంది, ఏం చేద్దామంటావ్? జవాబు వచ్చేదాకా ఆగండి, మధ్యలో మీరు అందుకోకండి. ఆయన చెప్పినదాన్ని అన్నకు ఆయన చేతనే చెప్పించండి. వణుకు కంటే కడుపు ఉబ్బరమే ఎక్కువ బాధ అనే రోగులు చాలామంది ఉంటారు.

అమ్మకు చెప్పండి, తొక్కులు, కారాలు ఈ జబ్బు తెచ్చాయని ఏ పరిశోధనా చెప్పలేదు. పొలాల్లో కారణం వెతికితే పారాక్వాట్ అనే గడ్డిమందుకు, రోటెనోన్ అనే పురుగుమందుకు ఈ జబ్బుతో సంబంధం ఉందని పరిశోధనలు ఉన్నాయి. అందుకే ఇప్పటికీ మందు కొట్టేవాళ్లు ఒళ్లంతా కప్పుకోవాలని, ఆ చేతులతో తినొద్దని చెబుతాం. అయినా ఒక మనిషికి ఫలానా దానివల్లే వచ్చిందని ఎవరూ తేల్చలేరు. పాల సంగతి చెప్పేటప్పుడు కూడా జాగ్రత్త. "నువ్వు పాలిచ్చి చెడగొట్టినవ్" అనేలా ఉండకూడదు. వేడి చేస్తుందని పాలివ్వడం మన ఇళ్లన్నిటిలోనూ ఉన్న అలవాటే, ఆమె ప్రేమతోనే చేసింది. గోలీ వేళలు, నోటుబుక్ ఆమె చేతికే అప్పగించండి. రాయడం రాకపోతే మనవళ్లు రాస్తారు, తాత దగ్గరికి రావడానికి వాళ్లకూ ఒక పని దొరుకుతుంది.

ఇది చదివే నల్గొండ ప్రాంతం వాళ్లకు ఇంకో మాట. ఫ్లోరోసిస్‌లో నడుము, మెడ, కీళ్లు నొప్పితో బిగుస్తాయి. చెయ్యి ఊరికే పెట్టుకున్నప్పుడు వణకడం, నడిచేటప్పుడు ఒక చెయ్యి ఊగకపోవడం, అక్షరం చిన్నదవడం, అడుగులు కురచబడటం ఉంటే అది ఫ్లోరైడ్ అనుకుని ఊరుకోకుండా న్యూరాలజిస్ట్‌కు చూపించండి. ఒకే మనిషికి రెండూ ఉండవచ్చు కూడా.

చివరగా మీ భయం. హొనలూలూలో 1971-74 మధ్య మగవాళ్లను విరేచనం అలవాటు గురించి అడిగి, 6,790 మందిని ఏళ్ల తరబడి గమనించారు. రోజుకు ఒక్కసారి కూడా వెళ్లనివారిలో పార్కిన్సన్స్ ఎక్కువగా కనిపించిన మాట నిజం. కానీ మొత్తం మీద జబ్బు వచ్చింది 96 మందికి. మలబద్ధకం ఉన్నవాళ్లలో అత్యధికులకు ఎన్నటికీ ఈ జబ్బు రాదు. ఎక్కువమందిలో ఇది తండ్రి నుంచి బిడ్డకు వచ్చేదీ కాదు. కాన్పు తర్వాత మొదలైన మలబద్ధకానికి ఐరన్ గోలీలు, నీళ్లు తక్కువ తాగడం, థైరాయిడ్, కాన్పులో కటి కండరాలు దెబ్బతినడం లాంటి కారణాలే ఎక్కువ. థైరాయిడ్ పరీక్ష ఒకసారి చేయించుకుని, కాన్పు తర్వాతి సంగతి గైనకాలజిస్ట్‌కు సిగ్గుపడకుండా చెప్పండి. మలంలో రక్తం కనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా నాన్నగారి పనుల్లో పడి వాయిదా వేయకుండా ఆ వారంలోనే చూపించుకోండి.